టెక్ సందేహాలు: కరెంటు పోయిన ఆ రెండు నిమిషాలు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే మీట చుట్టూ తిరిగాయి. మన నెట్ రాకపోకలను గుట్టుగా వేరే సర్వర్ మీదుగా పంపేది వీపీఎన్. అది తెగితే నెట్‌నే ఆపేసే "కిల్ స్విచ్" ఆ మీట. ప్రింటర్లు, పాత ఫోన్ల బ్యాటరీల సంగతి వచ్చే వారం చూద్దాం.

"ఇంటి నుంచే ఒక విదేశీ సంస్థకు అనువాదాలు సరిచూసి పంపుతుంటాను. వాళ్ల ఫైళ్లను వీపీఎన్ ద్వారా తప్ప తెరవకూడదన్నది ఒప్పందం. మొన్న రాత్రి కరెంటు పోయింది. వైఫై ఆగిపోయి ల్యాప్‌టాప్ దానంతట అదే ఫోన్ హాట్‌స్పాట్‌కు మారింది. పని ఎక్కడా ఆగలేదు కాబట్టి నేను పట్టించుకోలేదు. తెల్లవారి చూస్తే నా ఖాతా స్తంభించిపోయింది. రెండు నిమిషాల పాటు మరో చిరునామా నుంచి లాగిన్ కనిపించిందట. వీపీఎన్‌ను నేను ముట్టుకోనే లేదండీ. ఇది ఎలా జరిగింది? కిల్ స్విచ్ ఉంటే ఆగేదని ఎవరో అన్నారు, నిజమేనా?" - ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

నిజమే, ఆగేది. మీ ఉత్తరంలో అసలు సంగతి "పని ఎక్కడా ఆగలేదు" అన్న మాటలోనే ఉంది. ఆ రెండు నిమిషాలూ పని ఆగిపోవాల్సింది.

వీపీఎన్ ఆన్ చేసినప్పుడు మీ కంప్యూటర్‌లో కొత్త నెట్‌వర్క్ కార్డు ఒకటి పుడుతుంది. చేతికి దొరికేది కాదు, సాఫ్ట్‌వేర్ సృష్టించినది. బయటికి వెళ్లే ప్రతి ప్యాకెట్, అంటే ప్రతి సమాచారపు ముక్క, ఇక దాని గుండానే వెళ్లాలని కంప్యూటర్ తన దారుల పట్టికలో రాసుకుంటుంది. అక్కడ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మారి, వీపీఎన్ సర్వర్‌కు చేరుతుంది, అక్కడి నుంచి వెబ్‌సైట్‌కు వెళుతుంది. అవతలివారికి కనిపించేది ఆ సర్వర్ ఐపీ అడ్రస్ (నెట్‌లో దాని చిరునామా), బ్రాడీపేటలోని మీ ఇంటిది కాదు. మీకు నెట్ ఇచ్చే కంపెనీకి ఏదో ఒక సర్వర్‌తో అర్థంకాని సంభాషణ నడుస్తోందని మాత్రమే తెలుస్తుంది.

రూటర్ ఆరిపోగానే ఆ సంభాషణ తెగింది. సాఫ్ట్‌వేర్ కార్డు మాయమైంది, పట్టికలో దాని పేరిట ఉన్న దారి కూడా చెరిగిపోయింది. దాని కింద మామూలు దారి ఎప్పటిలాగే ఉంది. మీ గోప్యత ఆపరేటింగ్ సిస్టమ్‌కు పట్టదు. ప్యాకెట్‌ను ఎలాగోలా గమ్యానికి చేర్చడమే దాని ధర్మం. హైవే మూసేస్తే ప్రయాణికులను అడగకుండా ఊళ్లోంచి బస్సు తిప్పేసే డ్రైవరు లాంటిది అది. అలా మీ బ్రౌజర్ నేరుగా, మీ ఫోన్ నెట్‌వర్క్ చిరునామాతో ఆ సంస్థ సర్వర్ తలుపు తట్టింది. ఒకే ఖాతా రెండు చోట్ల నుంచి వస్తే ఏ భద్రతా వ్యవస్థకైనా అనుమానం వస్తుంది.

రెండు నిమిషాలే కదా అనిపించవచ్చు, కానీ రెండు సెకన్లు చాలు. కనెక్షన్ తెగిన క్షణాన మెయిల్, క్లౌడ్ ఫోల్డర్, మెసేజింగ్ యాప్, తెరిచి మరిచిపోయిన పాతిక ట్యాబులు అన్నీ ఒక్కసారిగా మళ్లీ కలుపుకోవడానికి ఎగబడతాయి. మామూలు వేళల కంటే ఆ క్షణంలోనే అసలు చిరునామా బయటపడే అవకాశం ఎక్కువ. ఏ సైట్ చిరునామా కావాలో అడిగే డీఎన్ఎస్ ప్రశ్నలు కూడా అప్పుడు నెట్ కంపెనీ దగ్గరికే నేరుగా వెళ్లవచ్చు. అయితే భయపడి నిద్ర పాడుచేసుకోకండి. సైటు చిరునామా హెచ్‌టీటీపీఎస్ అని మొదలైతే మీ ఫైలులోని అక్షరాలు దారిలో ఎవరికీ కనిపించవు. మీరెవరో, ఏ సైటుకు వెళ్లారో, ఎప్పుడు వెళ్లారో తెలుస్తుంది. మీ సంస్థ కంగారుపడింది అందుకే.

ఇక కిల్ స్విచ్. పేరు చూస్తే ప్రాణాలు తీసేదేమో అనిపిస్తుంది గానీ, మన బెజవాడవాళ్లకు దీని గురించి వేరే పాఠం అక్కర్లేదు. గుంటూరు నుంచి వచ్చే బండి కృష్ణా బ్రిడ్జి దాటేలోపో, దాటాకో అవుటర్‌లో నిలిచిపోతుంది. అందరం కిటికీల్లోంచి తల బయటపెట్టి తిట్టుకుంటాం. కానీ రైల్వే సిగ్నలింగ్ సూత్రమే అది. పరికరం చెడిపోతే సిగ్నల్ ఎరుపులోకి పోవాలి, పచ్చలోకి కాదు. కిల్ స్విచ్ చేసేదీ అదే. వీపీఎన్ వేసిన ఆ గుట్టు దారినే సొరంగం అంటారు. దాని గుండా తప్ప బయటికి ఏ ప్యాకెట్టూ వెళ్లరాదని, రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో నియమం పెడుతుంది. మినహాయింపు ఒక్క వీపీఎన్ సర్వర్‌కే, మళ్లీ కలుపుకోవాలి కాబట్టి. సొరంగం కూలినా ఆ నియమం కూలదు. నెట్ ఆగిపోతుంది, మీకు చిరాకు వస్తుంది. కానీ చిరునామా బయటికి పోదు.

ఉత్తరం చదివాక నేనూ బల్ల మీద చేసి చూశాను. సింగపూర్ సర్వర్‌కు వీపీఎన్ కలిపి, విండోస్‌లో నల్లటి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, 1.1.1.1 అన్న చిరునామాకు ఆగకుండా పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పలకరింపు) పెట్టాను. సెకనుకో వరుస చొప్పున జవాబులు వస్తున్నాయి. 92 మిల్లీసెకన్లు, 94, 91. అప్పుడు రూటర్ ప్లగ్గు పీకాను. నాలుగైదు వరుసలు జవాబు లేదు. ల్యాప్‌టాప్ ఫోన్ హాట్‌స్పాట్‌ను పట్టుకుంది. వెంటనే 41, 38, 43. వేగం పెరిగిందని సంతోషించాల్సిన పని లేదు. అప్పటిదాకా సింగపూర్ మీదుగా తొంభైలు తీసుకున్న ప్యాకెట్ ఒక్కసారిగా సగం సమయంలో తిరిగి రాదు. అది నేరుగా వెళ్లివచ్చింది. ఆ సమయంలో వీపీఎన్ యాప్ మాత్రం "మళ్లీ కలుపుతున్నాం" అంటూ గుండ్రంగా చక్రం తిప్పుతోంది. ఇక కిల్ స్విచ్ వేసి మళ్లీ ప్లగ్గు పీకాను. "జనరల్ ఫెయిల్యూర్" అన్న వరుసలు పదిహేను దాకా పడ్డాయి, ఆ తర్వాత 97. మధ్యలో నలభైల అంకె ఒక్కటీ లేదు. మీరూ ఇలా చేసి చూసుకోండి. యాప్‌లో ఆ మీట పచ్చగా కనిపించినంత మాత్రాన నమ్మేయకండి.

ఎక్కడ ఉంటుందంటే, చాలా వీపీఎన్ యాప్‌ల సెట్టింగ్స్‌లో "కిల్ స్విచ్" అనో "నెట్‌వర్క్ లాక్" అనో ఉంటుంది. కొన్నింటిలో ముందుగానే ఆఫ్‌లో పెట్టి ఇస్తారు. వాడేవాళ్లు "నెట్ రావడం లేదు" అని ఫోన్లు చేస్తారనే భయం తప్ప దీనికి నాకు మరో కారణం కనిపించదు. ఇందులో రెండు రకాలున్నాయి. మీరు ఎంచిన యాప్‌లను మాత్రమే మూసేసేది ఒకటి. యంత్రం మొత్తానికి నెట్ ఆపేసేది రెండోది. రెండోదే తీసుకోండి. అందులోనూ కొన్ని, సొరంగం అనుకోకుండా తెగితేనే పనిచేస్తాయి. కంప్యూటర్ ఆన్ చేశాక వీపీఎన్ ఇంకా కలవకముందు గడిచే అరనిమిషాన్ని పట్టించుకోవు. "ఎల్లప్పుడూ" అన్న అర్థం వచ్చే ఎంపిక ఉంటే మీ పనికి అదే సరైనది.

ఇంకొక మాట. ప్రొటోకాల్ (సొరంగం కట్టే పద్ధతి) ఎంచుకునే వీలుంటే వైర్‌గార్డ్ అనేది పెట్టండి. వైఫై నుంచి హాట్‌స్పాట్‌కు మారి మీ చిరునామా మారినా అది సొరంగాన్ని కూల్చకుండా కొనసాగించగలదు. కరెంటు కోతలున్న ఊళ్లకు అది సుఖం. రూటర్‌కు చిన్న యూపీఎస్ ఒకటి తగిలిస్తే మరీ మంచిది. ఇదంతా చదివాక అదొక్కటే కొని ఊరుకున్నా నేను తప్పుపట్టను.

"మా అబ్బాయి పెట్టిన వీపీఎన్ వద్దనుకుని తీసేశాను. అప్పటి నుంచి కంప్యూటర్‌లో నెట్ లేదు. అదే వైఫైలో ఫోన్లన్నీ పనిచేస్తున్నాయి. కంప్యూటర్ ఫార్మాట్ చేయాలంటున్నారు." - ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

ఫార్మాట్ వద్దు, డబ్బులూ ఇవ్వకండి. యాప్ పోయింది గానీ అది పెట్టిన ఫైర్‌వాల్ నియమం ఇంకా కాపలా కాస్తున్నట్టుంది. యజమాని ఊరు విడిచి వెళ్లినా గేటు దగ్గర కుక్క ఎవరినీ రానివ్వనట్టు. అదే వీపీఎన్ యాప్‌ను మళ్లీ వేసి, కిల్ స్విచ్ ఆఫ్ చేసి, ఆ తర్వాత తీసేయండి. కంప్యూటర్‌లో నెట్ లేదు కాబట్టి ఆ ఫైలును ఫోన్‌లో దించుకుని పెన్‌డ్రైవ్‌తో ఎక్కించాలి. అప్పటికీ కుదరకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో "నెట్‌వర్క్ రీసెట్" అని ఉంటుంది, అది నొక్కి రీస్టార్ట్ చేయండి. వైఫై పాస్‌వర్డులు మళ్లీ కొట్టుకోవాల్సి వస్తుంది.

మిమ్మల్ని చూసి నవ్వే అర్హత నాకు లేదు. రెండేళ్ల క్రితం ఇలాగే నెట్ రాక, కేబుల్ అబ్బాయిని ఎండలో నాలుగంతస్తులు ఎక్కించాను. అతను వైరు చూశాడు, రూటర్ చూశాడు, చివరికి నా తెర మూలన ఉన్న ఎర్రటి చిన్న బొమ్మను వేలితో చూపించి "ఇది ఏమిటి సార్?" అన్నాడు. మజ్జిగ ఇచ్చి పంపాను.

"విజయవాడ స్టేషన్‌లో ఉచిత వైఫైకి కలిస్తే ఓటీపీ పేజీ తెరుచుకోవడం లేదు. వీపీఎన్ వల్లనా?" - ఒక విద్యార్థి, గుంటూరు

కిల్ స్విచ్ వల్ల. 2016లో మొదటి విడతల్లోనే ఈ సౌకర్యం వచ్చిన స్టేషన్లలో మనదీ ఒకటి. అప్పటి నుంచీ పద్ధతి అదే. ముందు లాగిన్ పేజీలో నంబరు ఇవ్వాలి, ఆ తర్వాతే నెట్. ఆ పేజీ సొరంగం బయట ఉంటుంది, సొరంగమేమో నెట్ వస్తే గానీ తయారు కాదు. కిల్ స్విచ్ పేజీని రానివ్వదు. పేజీ రానిదే సొరంగం లేదు. మీట ఆపి, ఓటీపీ కొట్టి, వీపీఎన్ కలిపి, మీట మళ్లీ వేయండి. మధ్యలో మెయిల్ తెరవకండి.

బహిరంగ వైఫైలో కొన్ని కిల్ స్విచ్‌లు కూడా పట్టుకోలేని కిటుకు ఒకటుందని 2024 మే నెలలో పరిశోధకులు చూపించారు. దానికి టనెల్‌విజన్ అని పేరు పెట్టారు. వైఫై నడిపేవాడు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సందేశంలోనే, ఆప్షన్ 121 అనే దాని ద్వారా, మీ కంప్యూటర్‌కు కొత్త దారులు రాసిపంపిస్తాడు. ప్యాకెట్లు సొరంగం పక్క నుంచి పోతాయి. సొరంగం తెగలేదు కాబట్టి, తెగితేనే మేలుకునే కిల్ స్విచ్‌కు ఏమీ తెలియదు. ఆండ్రాయిడ్ ఆ ఆప్షన్‌ను అసలు పట్టించుకోదు కాబట్టి ఆ ఫోన్లకు ఈ బెడద లేదు. ల్యాప్‌టాప్‌లో ముఖ్యమైన పని ఉంటే స్టేషన్ వైఫై వదిలి మీ ఫోన్ హాట్‌స్పాటే వాడుకోండి.

"ఆండ్రాయిడ్ ఫోన్‌లో 'బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్' ఆన్ చేశాను. చెల్లింపుల యాప్‌ను వీపీఎన్ నుంచి మినహాయించాను కూడా. అయినా బీసెంట్ రోడ్డులో చీరల కొట్టు ముందు డబ్బులు వెళ్లక నిలబడిపోయాను. ఇంతకీ మన దేశంలో వీపీఎన్ వాడటం నేరమా?" - ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

రెండో ప్రశ్నకు ముందు జవాబు. దేశమంతటా వీపీఎన్‌ను నిషేధించే చట్టం లేదు. దాని చాటున చేసిన నేరం మాత్రం నేరమే. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు కంపెనీలకు సంబంధించినవి. వినియోగదారుల పేర్లు, చిరునామాలు, వాళ్లకు కేటాయించిన ఐపీలు అయిదేళ్ల పాటు దాచాలన్నారు. వీపీఎన్ కంపెనీలకు అది ఆ ఏడాది సెప్టెంబరు 25 నుంచి అమల్లోకి వచ్చింది. నార్డ్, సర్ఫ్‌షార్క్, ఎక్స్‌ప్రెస్, ప్రొటాన్ లాంటి సంస్థలు ఇక్కడి సర్వర్లను ఎత్తేసి, భారత చిరునామాలను బయటి దేశాల నుంచి ఇవ్వడం మొదలుపెట్టాయి. కిల్ స్విచ్ ఎంత గట్టిదైనా కంపెనీ దగ్గరున్న రికార్డును అది కాపాడలేదు. ఉచిత వీపీఎన్‌లు దించుకునే ముందు దీన్ని కాస్త ఆలోచించండి. సర్వర్ల ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కదా.

ఇక చీరల కొట్టు సంగతి. ఆ రెండు ఏర్పాట్లకూ ఒకదానితో ఒకటి పడదు. యాప్‌ను వీపీఎన్ నుంచి మినహాయించడమంటే నేరుగా వెళ్లమనడం. ఆండ్రాయిడ్ 8 నుంచి ఉన్న ఈ మీట వేయడమంటే ఎవరూ నేరుగా వెళ్లరాదనడం. రెండూ కలిస్తే మినహాయించిన యాప్‌కు ఏ దారీ మిగలదు. ఫోన్ చెడిపోలేదు, మీరు చెప్పినట్టే చేసింది. చెల్లింపుల యాప్‌లు విదేశీ సర్వర్ ద్వారా వస్తే మొరాయించడమూ ఉంది కాబట్టి, బజారుకు వెళ్లేటప్పుడు సెట్టింగ్స్‌లో వీపీఎన్ పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కి ఆ మీట ఆపేయండి. "ఆల్వేస్-ఆన్ వీపీఎన్" అన్నది అలాగే ఉండనివ్వవచ్చు. ఇంటికొచ్చాక మళ్లీ వేసుకోండి. మరిచిపోతారనుకుంటే మీట వేసే ఉంచి, పర్సులో నోట్లు పెట్టుకుని వెళ్లండి. బీసెంట్ రోడ్డులో నోట్లిస్తే బేరం ఇంకాస్త బాగా కుదురుతుందని మా ఇంట్లో అంటుంటారు.