తోట చుట్టూ కరెంటు తీగ మాత్రం లాగకండి

పలమనేరు దగ్గర అడవి అంచున మామిడి తోట కౌలుకు తీసుకున్నామని, ఏనుగులు వస్తున్నాయని, చుట్టూ కరెంటు తీగ లాగమని పక్క రైతు చెప్పాడని రాశారు. ఆ పని మాత్రం చేయకండి అన్నా.

మాది కౌండిన్య అడవి పక్క పల్లె. మా నాన్న చిన్నప్పుడు ఏనుగంటే గుళ్లో చూసిందే. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి గుంపులు ఇటు వచ్చాయి. 1990లో ఈ అడవిని అభయారణ్యం చేశారు. అంటే అవి ఇక వెళ్లిపోయేవి కావు, వాటితోనే మనం సేద్యం చేయాలి.

మా పక్క చేనాయన మోటారు లైను నుంచి తీగ లాగాడు. ఏనుగు రాలేదు, మా ఆవు చచ్చింది. తెల్లారుజామున మడికి నీళ్లు కట్టడానికి మా అమ్మ రోజూ నడిచే గట్టు అది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు చేతులు వణుకుతాయి. ఆ తీగకు ఏనుగు చచ్చినా 1972 వన్యప్రాణి చట్టం కింద జైలే.

సోలార్ ఫెన్సింగ్ వేరు. బ్యాటరీ నుంచి ఆగి ఆగి షాక్ కొడుతుంది, చంపదు. కానీ తీగకు గడ్డి, తీగజాతి మొక్కలు తగిలితే పవర్ పోతుంది. వారానికోసారి చుట్టూ కోయించాల్సిందే. మేం ఒక్క వర్షాకాలం బద్ధకించాం. ఏనుగు చెట్టును తీగ మీదికి తోసి లోపలికొచ్చి అరటి మొత్తం తినేసింది. కందకాలూ అంతే, వానకు గట్లు జారితే దిగి దాటేస్తాయి.

తోటలో పనస ఉంటే పండకముందే కోసేయండి, ఆ వాసనకే వస్తాయి. ఒంటి ఏనుగు కనబడితే టార్చి మొహాన కొట్టకండి, టపాకాయలతో వెంటపడకండి. మా నాన్న అలా వెంటపడితే అది తిరగబడింది. పరుగులో కాలు విరిగింది. ఫారెస్టు బీటు ఆఫీసర్ నంబరు, చుట్టుపక్కల రైతుల నంబర్లు దగ్గర పెట్టుకోండి. ఎవరు చూసినా అందరికీ ఫోన్ చేసుకోవాలి, మమ్మల్ని ఎక్కువగా కాపాడింది ఇదే. 2025 మేలో కర్ణాటక 4 కుంకీ ఏనుగుల్ని, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి మచ్చిక చేసి నేర్పిన వాటిని, మన రాష్ట్రానికి ఇచ్చింది. మంచిదే, అయితే అవి ప్రతి రాత్రీ మీ తోటకు కాపలా రాలేవు.

పంట పోతే శుభ్రం చేయకముందే ఫోటోలు తీసి, వెంటనే పరిహారానికి అర్జీ పెట్టండి.

కాపలా ముసలాయన తోటలో కొట్టం కిందే పడుకుంటాడన్నారు కదా, ఈ రాత్రికే ఆయన్ని ఊళ్లోకి మార్చండి.