కరెంటు పోగానే సోలార్ కూడా ఆగిపోతోందా? అది లోపం కాదండి

నమస్తే అండి. విశాఖపట్నం పెదవాల్తేరులో మీ మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించారు, మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాను కూడా తిరగడం లేదు, మోసపోయామేమో, తీయించేద్దామా అని టెన్షన్ పడుతున్నారు. మోసం కాదండి. మీది ఆన్-గ్రిడ్ ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చి, వీధి లైనుతో కలిసి మాత్రమే పనిచేసే పెట్టె. లైన్లో కరెంటు లేకపోతే అది తనంతట తానే ఆగిపోవాలి. లేదంటే మీ ప్యానెళ్ల కరెంటు వైర్లలోకి వెళ్లి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మనం చీకట్లో గడిపిన రోజులు నాకింకా గుర్తే. అందుకే బ్యాకప్ కావాలన్న మీ కోరిక న్యాయమైనదే. ప్యానెళ్లు మార్చక్కర్లేదు. ఇన్వర్టర్ తీసి హైబ్రిడ్‌ది (లైనుతోనూ, బ్యాటరీతోనూ పనిచేసేది) పెట్టించి, లిథియం బ్యాటరీ కలపండి. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ వరకే ఆ బ్యాటరీకి కలపండి. ఏసీ కూడా కలిపితే బ్యాటరీ ఖర్చు బాగా పెరుగుతుంది. నెట్ మీటర్ (లైనుకు మీరిచ్చే కరెంటు, తీసుకునే కరెంటు రెండూ లెక్కపెట్టే మీటర్) ఉంది కాబట్టి మార్చే ముందు మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్లకు చెప్పండి.

అసలు నాకు భయం సముద్రం ఉప్పుగాలి గురించి. మా ఇంటి మీద ప్యానెళ్లకు మొదట వేసిన ఫ్రేమ్ ఉత్త పెయింటుది, తుప్పు పట్టి మళ్లీ వేయించాం. మీది గాల్వనైజ్డ్ ఐరనేనా (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుము), బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువేనా చూసుకోండి. ప్యానెళ్లను పదిహేను రోజులకోసారి పొద్దున్నే, అద్దం వేడెక్కకముందే మంచినీళ్లతో కడగండి.

పరవాడ సింహాద్రి లాంటి ప్లాంటుల్లో బొగ్గు కాల్చి తీసే కరెంటు మీ మేడ వల్ల రోజుకు సుమారు 12 యూనిట్లు తగ్గుతుంది. దయచేసి తీయించేయకండి.