చైర్మన్ నోరు, కాంట్రాక్టు తేదీ

తమ్మీ,

ఫుట్‌బాల్ క్లబ్బుల చైర్మన్ల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. వాక్యం బాగ నడుస్తున్నది, దాని గురించి చెప్పేదేం లేదు. చిక్కంతా మొదటి పేరాలనే ఉన్నది. "ఈ కాలం ఆటగాళ్లకు విశ్వాసం లేదు, అంతా పైసలే" అని తీర్పు ముందే రాసేసి, సాక్షులను తర్వాత పిలిచినవు. వచ్చినోళ్లందరు చైర్మన్లే. ఆటగాన్ని కొనేది వాళ్లే, అమ్మేది వాళ్లే, జీతం ఇచ్చేది, ఆపేది కూడా వాళ్లే. అసొంటోళ్ల మాటను సాక్ష్యం లెక్క కాదు, బేరంల ఒక ముక్క లెక్క చదువాలె.

ముందుగాల ఆ మనిషి ఎవలో తేల్చుకో. అందరినీ చైర్మన్ అని ఒకే గాటన కట్టినవు. సైమన్ జోర్డాన్ 2000ల లండన్ క్లబ్బు క్రిస్టల్ ప్యాలెస్‌ను సొంత పైసలతోని కొన్నడు. ఇంగ్లండ్‌లదే ఇంకో క్లబ్బు లీడ్స్‌ల పీటర్ రిడ్స్‌డేల్ యజమాని కాదు, షేర్ మార్కెట్‌ల ఉన్న కంపెనీకి చైర్మన్. స్పెయిన్ క్లబ్బులు రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలల అధ్యక్షున్ని సభ్యులు ఓట్లేసి ఎన్నుకుంటరు, కాబట్టి ఆయన ఏ ఆటగాని మీద మాట్లాడినా అందుల కొంత ఎన్నికల మాట ఉంటది. ఇటలీ క్లబ్బు నాపోలి దివాలా తీసినంక 2004ల దాన్ని కొన్న డి లారెంటిస్‌కు ఆ బాధ లేదు. యజమాని ఆయనే, అధ్యక్షుడు ఆయనే. కోల్‌కతాల ఇంకో తీరు: క్లబ్బు పెద్దలు ఒక దిక్కు, పైసలు పెట్టే కంపెనీ ఇంకో దిక్కు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు, శ్రీ సిమెంట్ కంపెనీ 2020ల కలిసి 2022ల విడిపోయినయి. ఆ నడుమ తుది ఒప్పందం మీద క్లబ్బు పెద్దలు సంతకమే పెట్టలే. అక్కడ "క్లబ్బు ఇట్ల అన్నది" అని రాస్తే ఏ దిక్కు అన్నట్టు? పేరు రాసిన ప్రతిసారి ఆయన వాటా ఎంత, ఆయనను తీసేసే హక్కు ఎవలకు ఉన్నది అనేది ఒక్క వాక్యంల చెప్పు.

రెండోది తేదీ. ఇది నీ వ్యాసంల అసలే లేదు. చైర్మన్ నోరు ఏడాది పొడుగునా ఒకే తీరుగ తెరుచుకోదు. సీజన్ టికెట్లు మళ్ల అమ్మే నెలల, ఆటగాళ్ల కొనుగోలు గడువు చివరి వారంల, లెక్కలు మూసే జూన్ 30కి ముందు, ఇంకా మేనేజర్‌ను (అక్కడ జట్టు కోచ్‌ను అట్లనే అంటరు) తీసేసే ముంగట గట్టిగ తెరుచుకుంటది. "మా పిల్లగాన్ని ఎంతకైనా అమ్మేది లేదు" అని కొనుగోలు గడువు ముగిసే ముందు, ఆగస్టు 25న అంటే, అది ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి బస్తా మీద చెయ్యేసి "ఈ రేటుకు ఇయ్య" అన్నట్టు. బస్తా ఇంటికి తీసుకపోతడని ఎవలూ అనుకోరు.

చైర్మన్ మాట తేదీ పక్కన ఆటగాని కాంట్రాక్టు ముగిసే తేదీ పెట్టి చూడు. కాంట్రాక్టుకు ఆరు నెలలే మిగిలితే ఆటగాడు వేరే దేశం క్లబ్బుతోని ముందస్తుగ సంతకం చేసుకోవచ్చు. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిబంధన అది. అంటే జూన్ 30తోని ముగిసే కాంట్రాక్టైతే జనవరి నుంచే తలుపు తెరిచినట్టు. అందుకే అంతకుముందు వేసవే క్లబ్బుకు మంచి ధర దొరికే ఆఖరి మోక. సరిగ్గ ఆ వేసవిలనే "విశ్వాసం", "కృతజ్ఞత" అనే మాటలు ఇంటర్వ్యూలల ఎక్కువైతయి. ఇదంతా బోస్మాన్ తీర్పు తర్వాతి సంగతి. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మాన్ కాంట్రాక్టు 1990ల ముగిసినా, లియేజ్ క్లబ్బు ఫీజు అడిగి ఫ్రాన్స్‌ల డంకర్క్‌కు పోనియ్యలే. 1995 డిసెంబర్ 15న యూరప్ న్యాయస్థానం అది చెల్లదన్నది. అంతకుముందు కాంట్రాక్టు అయిపోయినా ఆటగాడు క్లబ్బు చేతులనే ఉండేది.

"పాత రోజుల్ల ఒకే క్లబ్బుకు జీవితమంతా ఆడేటోళ్లు" అన్న నీ నాలుగో పేరా ఈ వెలుతుర్ల మళ్ల చదువుకో. ఇంగ్లండ్‌ల 1961 దాక వారానికి 20 పౌండ్లు దాటి జీతం ఇయ్యొద్దని నిబంధన ఉండె. క్లబ్బు వదిలిపెడితే తప్ప పోరాదు. 1963ల జార్జ్ ఈస్ట్‌హామ్ కోర్టుకు పోయినంకనే ఆ పట్టు కొంత సడలింది. పోయినా జీతం పెరగదు, పోదామన్నా పోనియ్యరు, దాన్ని నువ్వు విశ్వాసం అంటున్నవు. మన దిక్కు చూసినా అంతే. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణల 1950 నుంచి 1954 దాక బొంబాయిల జరిగే రోవర్స్ కప్ టోర్నీని వరుసగ ఐదుసార్లు గెలిచిన జట్టు పేరే హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ జట్ల ఆటతోని పాటు నౌకరి ముడిపడి ఉండె. అయినా సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లగాడు తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయిండు. ఎవలూ ద్రోహి అనలే, అనొద్దు కూడా.

ఇగ నువ్వు ఎగతాళి చేసిన విశ్వాస బోనస్ సంగతి. ఇంగ్లండ్‌ల చేరినప్పుడు ఇచ్చే సంతకం సొమ్మును ఒక్కసారి ఇయ్యరు, కాంట్రాక్టు ఎన్నేండ్లో అన్ని సమాన వాయిదాలు చేస్తరు. ఆటగాడు తనంతట తాను "నన్ను వేరే క్లబ్బుకు పంపుండ్రి" అని రాతపూర్వకంగ అడిగితే మిగిలిన వాయిదాలు పోతయి, అందుకే వాటికి విశ్వాస బోనస్ అని పేరు. క్లబ్బే అమ్మితే మామూలుగ అవి అందుతయి. అందుకే పోవాలనుకున్నోడు కాయితం రాయడు. ఏజెంట్ పేపరోళ్లకు ఉప్పందిస్తడు, పిల్లగాడు ప్రాక్టీస్‌ల ముఖం మాడ్చుకుంటడు. ఇటు చైర్మన్ "పోవాలనుకుంటే కాయితం రాసియ్యమనుండ్రి" అని సవాలు చేస్తడు. చూసేటోళ్లకు అది పౌరుషం లెక్క కనబడతది. ఆ కాయితంతోని క్లబ్బుకు మిగిలే పైసలు ఎన్నో అడుగు, ముచ్చట మారిపోతది. నెయ్‌మార్ 2017ల 22.2 కోట్ల యూరోలకు బార్సిలోనా నుంచి పారిస్‌కు పోయినప్పుడు, మళ్ల సంతకం చేసినందుకు రావాల్సిన బోనస్ మీద రెండు దిక్కుల కోర్టు కేసులు నడిచినయి, 2021ల గానీ రాజీ కుదరలే.

నీ వ్యాసంల గుండెకాయ కావాల్సింది మాత్రం ఇది, జర నిదానంగ చదువు. ఒక క్లబ్బు 5 కోట్ల పౌండ్లు పెట్టి, ఐదేండ్ల కాంట్రాక్టు మీద ఒకన్ని కొన్నదనుకో. పుస్తకాలల ఆ ఖర్చు ఒక్క ఏడాదిల పడదు, ఏడాదికి 1 కోటి చొప్పున పడతది. మూడేండ్లకు పుస్తకంల ఆయన విలువ 2 కోట్లు. అప్పుడు 2.5 కోట్లకు అమ్మితే లాభం 50 లక్షలే. అదే ఆరేండ్ల వయసు నుంచి క్లబ్బు అకాడమీల పెరిగిన పిల్లగాడైతే కొన్న ధర సున్న. వాన్ని 2.5 కోట్లకు అమ్మితే మొత్తం 2.5 కోట్లు లాభమే, అదీ ఆ ఒక్క ఏడాది లెక్కలనే చేరతది. ఇంగ్లండ్ పై లీగైన ప్రీమియర్ లీగ్ నష్టాల మీద పరిమితి పెట్టినంక (2025–26 సీజన్ దాక మూడేండ్లకు కలిపి గరిష్ఠంగ 10.5 కోట్ల పౌండ్లు) లెక్క సరిచేసుకోవాలంటే అమ్ముడు వోయేది ఎక్కువగ ఇంటి పిల్లగాడే. చెల్సీ 2023ల మేసన్ మౌంట్‌ను, 2024ల కానర్ గాలగర్‌ను అమ్మింది. ఇద్దరూ ఆ అకాడమీ పిల్లలే, ఇద్దరి కాంట్రాక్టుకూ ఒక్క ఏడాదే మిగిలి ఉండె. మీద చెప్పిన రెండు లెక్కలు, కాంట్రాక్టు తేదీ, అకాడమీ లాభం, ఒక్క కాడ కలిసినయి చూడు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ తన అకాడమీ పిల్లగాడు బ్రెనన్ జాన్సన్‌ను జూన్ 30 లోపల అమ్మలే, ఎక్కువ ధర కోసం ఆగి 2023 సెప్టెంబర్ 1న టోటెన్‌హామ్‌కు అమ్మింది. ఆ సొమ్ము ముందటి ఏడాది లెక్కల చేరలే. నష్టాల పరిమితి దాటిందని 2024 మార్చిల లీగ్ పట్టికల 4 పాయింట్లు కోత పడ్డది. అభిమానులకు అందరికన్న దగ్గరోడు ఎవడో వాన్నే ముందుగాల అమ్మేటట్టు ఈ నిబంధనలు చేసినయి. "మావోడు" అని గోడల మీద బొమ్మ గీసేదీ వాన్నే. దీని మీద నీకు కోపం రావాలె, వచ్చినా పేజీల అంకెలే పెట్టు.

ఆ అంకెలు యాడ దొరుకుతయంటవా? బ్రిటన్ క్లబ్బులవైతే అక్కడి కంపెనీల రిజిస్ట్రీ, కంపెనీస్ హౌస్‌ల ఉచితంగ చూడొచ్చు. లెక్కలు మూసినంక ప్రైవేటు కంపెనీకి తొమ్మిది నెలల గడువు ఉంటది, కాబట్టి జూన్ లెక్క మరుసటి మార్చికి బయటపడతది. మొదటి పేజీల చైర్మన్ రాసిన ముచ్చట చదవకు, అది ప్రచారమే. వెనుక గమనికలకు పో: ఆటగాళ్ల కొనుగోలు విలువ, సంబంధిత పార్టీలతోని (అంటే యజమాని, ఆయన వేరే కంపెనీలు అసొంటివాటితోని) లావాదేవీలు, లెక్కలు మూసినంక జరిగిన సంగతులు. "నా జేబుల నుంచి ఇన్ని కోట్లు పోసిన" అన్న చైర్మన్‌వి ఆ పైసలు షేర్లయినయా, అప్పా, అప్పైతే వడ్డీ ఎంత అనేది అక్కడ తేలుతది. మన క్లబ్బులవైతే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌ల ఫీజు కట్టి తీసుకోవాలె. వరంగల్‌ల చార్టర్డ్ అకౌంటెంట్ల ఆఫీసులకు తక్కువ లేదు. అర్థం కాని గమనిక పట్టుకొని ఒకళ్ల దగ్గరికి పో, ఊహించి రాయకు.

లెక్కల కన్న గట్టి సాక్ష్యం ఒకటున్నది, కోర్టు తీర్పు. జోర్డాన్ నోటిదురుసు మీద రెండు పేజీలు రాసినవు గానీ డౌవీ కేసు వదిలేసినవు. 2006 మే నెలల మేనేజర్ ఇయాన్ డౌవీ ప్యాలెస్ వదిలేటప్పుడు, కుటుంబం ఉన్న ఉత్తరం దిక్కు పోతనన్నడు. ఆ మాట మీద జోర్డాన్, మేనేజర్ నడుమల పోతే క్లబ్బుకు రావాల్సిన 10 లక్షల పౌండ్ల పరిహారం వదులుకున్నడు. కొద్ది రోజులకే డౌవీ చార్ల్‌టన్ మేనేజర్ అయిండు. అది కూడా దక్షిణ లండన్ క్లబ్బే. కొత్త కొలువు ప్రకటించే సమావేశంలనే కోర్టు నోటీసు చేతికిచ్చిన్రు. 2007ల హైకోర్టు డౌవీదే తప్పన్నది. లొల్లి పెట్టే చైర్మన్ అన్నిసార్లు అబద్ధమాడడని చెప్పేందుకు ఈ కేసు నీకు కావాలె. నోరు పెద్దదైనోన్ని తిట్టుడు సులువు, ఆ సులువుల పడితే వ్యాసం ఒకే దిక్కు ఒరుగుతది.

ఇంకో ఉచ్చు, లీడ్స్ చేపలు. రిడ్స్‌డేల్ దిగిపోయినంక, ఆయన గదిల అద్దె చేపల తొట్టి ఉండెనని బయటపడ్డది. అప్పటి నుంచి లీడ్స్ పతనం గురించి రాసే ప్రతోడు ఆ చేపలనే పట్టుకుంటడు, నువ్వూ పట్టుకున్నవు. లీడ్స్ మునిగింది చేపలతోని కాదు. ముందు ముందు అమ్ముడువోయే టికెట్ల మీద 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చి, ప్రతి ఏడు యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్ ఆడతమన్న నమ్మకం మీద ఖర్చు పెట్టిన్రు. 2001ల సెమీఫైనల్ దాక పోయిన్రు, తర్వాత ఆ పోటీకి అర్హతే రాలే. 2002 జూలైల రియో ఫెర్డినాండ్, 2003 జనవరిల వుడ్‌గేట్ పోయిన్రు. 2004ల జట్టు కింది లీగ్‌కు పడ్డది. పాఠకుడు నవ్వే ముచ్చట దొరికినప్పుడు, దాని పక్కన పెద్ద అంకె ఏం దాగి ఉన్నదో ఎతుకు.

అట్లని అంతా లెక్కలకే వదిలేయకు. 2006ల ఇటలీ క్లబ్బు యువెంటస్‌ను శిక్షగ రెండో లీగ్‌కు దించినప్పుడు కన్నవారో, ఇబ్రహిమోవిచ్ పోయిన్రు. గోల్‌కీపర్ బుఫాన్ అప్పుడే ప్రపంచ కప్ గెలిచి వచ్చిండు, వయసు 28, ఏ పెద్ద క్లబ్బైనా ఎగిరి గంతేసి తీసుకునేది. ఆగిపోయిండు. డెల్ పియెరో, నెద్వెద్ కూడ ఆగిపోయిన్రు. దీన్ని ఏ గమనికతోనూ విప్పలేవు, విప్పబోకు. జరిగింది జరిగినట్టు రాసి ముందుకు పో.

చివరికి మన హైదరాబాద్ ఎఫ్‌సీ. నీ వ్యాసంల నాకు దండిగ నచ్చిన భాగం ఇదే, దాన్ని ఆఖరి పేజీల రెండు పేరాలకు కుదించినవు. 2019ల వచ్చిన క్లబ్బు 2022ల ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. 2023–24 సీజన్ల జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోవద్దని ఫిఫా నిషేధం, జనవరిల ఆటగాళ్ల వలస. "పిల్లలు క్లబ్బును ముంచి పోయిన్రు" అని నువ్వు రాసింది అన్యాయం. రెండు నెలల జీతం ఆగితే 15 రోజుల గడువుతోని నోటీసిచ్చి కాంట్రాక్టు తెంచుకునే హక్కు ఫిఫా నిబంధనలలనే ఉన్నది. మిగిలిన కుర్రోళ్లతోని కోచ్ సింగ్టో సీజన్ గుంజుకొచ్చిండు. చేతులు మారిన క్లబ్బు 2025ల ఢిల్లీకే తరలిపోయింది, పేరు మారింది. ఇక్కడ పోయింది ఆటగాడు కాదు తమ్మీ, క్లబ్బే. ఇంగ్లండ్‌ల వింబుల్డన్ ఇట్లనే 2003ల మిల్టన్ కీన్స్‌కు పోతే, అభిమానులు అప్పటికే 2002ల సొంత క్లబ్బు పెట్టుకున్నరు, 2011 కల్లా దాన్ని ఫుట్‌బాల్ లీగ్‌ల చేర్చిన్రు. గచ్చిబౌలి స్టేడియంల పసుపు అంగీ వేసుకొని నిలబడ్డోళ్లు ఇప్పుడు ఏం చూస్తున్నరు, ఎవల జట్టును మావి అంటున్నరు? కాజీపేట నుంచి రైలెక్కితే హైదరాబాద్ ఎంతసేపు? పో, అడుగు. నీ వ్యాసం అక్కడ మొదలు పెట్టు, ఇంగ్లండ్ చైర్మన్లను సగానికి తగ్గించు.

ఇంకొకటి: 2022 మార్చి 20 ఫైనల్‌ల హైదరాబాద్ 2–1తోని గెలిచిందని రాసినవు. ఆట 1–1తోని ముగిసింది, పెనాల్టీలల 3–1. మూడు ఆపింది గోల్‌కీపర్ కట్టిమణి. దిద్ది పంపు.

నీ అన్న,
హనుమకొండ