గుస్సాడీ దీక్షతో తాగుడు మానుతుందా?

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ప్రాంతం నుంచి అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్న ఒక గోండు సోదరి రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆమె భర్త చాలా ఏళ్లుగా తాగుతున్నారు, ఈ మధ్య తెల్లవారగానే మొదలుపెడుతున్నారు. ఏటా దీపావళి వేళ గోండులు జరుపుకునే దండారి నృత్యాల పండుగకు, దేవుడి రూపంగా భావించే గుస్సాడీ వేషం వేసే ఆయన, ఆ దీక్ష ఉన్నన్నాళ్లూ మద్యం ముట్టేవారు కాదు. గత దీపావళికి మాత్రం దీక్షలో మూడో రాత్రి చేతులు వణికి, ఒళ్లంతా చెమటలు పట్టి, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడారు. దేవుడికి కోపం వచ్చిందని కొందరు అన్నారు. మర్నాడు ఎవరో క్వార్టర్ సీసా తెచ్చి తాగించగానే తేరుకున్నారు. ఇప్పుడు ఊరి పెద్దలు ఇంటి దేవుడి ముందు ఒట్టు వేయించి ఒక్కసారిగా మాన్పిద్దామంటున్నారు. బెల్టు షాపు బాకీ ఈమె జీతంలోంచే తీరుతోంది. తొమ్మిదేళ్ల కూతురు సాయంత్రమైతే పక్కింట్లోనే ఉండిపోతోంది. "మా పూజలోనే ఇప్పసారా ఉంది కదా, అలాంటి ఆచారం ఈయనను ఎలా బాగుచేస్తుంది?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది ఆ మూడో రాత్రి సంగతి. అది దేవుడి ఆగ్రహం కాదు, మీ వారి దీక్షలో లోపమూ కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన శరీరానికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే మొదటి రోజే వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. ఈ చివరి దశలో వైద్యం అందకపోతే ప్రాణం కూడా పోవచ్చు. మళ్లీ తాగగానే తేరుకోవడం కూడా ఈ జబ్బు లక్షణమే. అందువల్ల పెద్దలు ఎంత మంచి మనసుతో చెప్పినా, వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ఒట్టు పెట్టించి ఇంట్లో మాన్పించే ప్రయత్నానికి దయచేసి ఒప్పుకోకండి. ముందు ఆయనను ఆదిలాబాద్ రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లి, ఆ రాత్రి జరిగినదంతా దాచకుండా చెప్పండి. వణుకు, మూర్ఛ రాకుండా కొన్ని రోజులు మందులు, బీ1 విటమిన్ ఇస్తారు. తరువాత తాగాలన్న తపన తగ్గించే మందులు కూడా ఉన్నాయి. వెళ్లే ముందు మాట్లాడాలనుకుంటే మత్తు మాన్పించే సహాయానికి ఉన్న 14446 నంబరుకు గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు గానీ ఫోన్ చేయవచ్చు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఆదివాసుల సంప్రదాయం తాగుడు నుంచి ఒక ఊరినే బయటికి తెచ్చిన ఉదంతం కెనడాలో ఉంది. బ్రిటిష్ కొలంబియాలో ఆల్కలీ లేక్ అనే చోట సెక్వెపెంక్ జాతివారి ఊరు ఉంది. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి, సొంత భాష మాట్లాడితే శిక్షించిన వసతి పాఠశాలల్లో పెరిగిన తరం అక్కడిది. 1960ల నాటికి ఊళ్లో తాగనివారే అరుదు. 1970ల ఆరంభంలో ఫిలిస్ చెల్సీ అనే తల్లితో, ఆమె చిన్న కూతురు ఐవీ, మీరు తాగుతారు కనుక నేను ఇంటికి రానని చెప్పింది. ఫిలిస్ మానేసింది, కొన్నాళ్లకు భర్త ఆండీ కూడా మానేశాడు, తరువాత ఆయన ఆ ఊరి నాయకుడయ్యాడు. చాలాకాలం ఊళ్లో తాగకుండా నిలబడినవారు దాదాపు వాళ్లిద్దరే. ఊరికి మద్యం రాకుండా కట్టడి చేశారు, ప్రభుత్వ సహాయం నగదుగా కాక తిండికీ బట్టకూ చెల్లే చీటీలుగా ఇప్పించారు. ఎవరైనా చికిత్సకు వెళితే వాళ్ల పిల్లలను ఇరుగుపొరుగు చూసుకున్నారు, తిరిగి వచ్చేసరికి ఇల్లు బాగుచేసి పెట్టారు. 1980ల మధ్యకు ఊళ్లో అత్యధికులు తాగుడు మానేశారు. వేడి రాళ్లపై నీళ్లు చల్లి ఆవిరిలో కూర్చుని ప్రార్థించే పూర్వాచారం, డోలు, పాట, ఆట మళ్లీ ఊళ్లోకి వచ్చాయి.

ఇందులో గమనించవలసింది క్రమం. ఆచారం అక్కడ చికిత్సకు బదులుగా రాలేదు. మానినవాళ్లు మళ్లీ జారిపోకుండా, పరువుతో కూర్చోవడానికి ఒక చోటు ఇచ్చింది. నా అభిప్రాయంలో మీ వారికి లేనిది కూడా అదే. దండారి రోజుల్లో నెమలి పింఛాల టోపీ పెట్టి, ఒంటికి బూడిద పూసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి ఆయన నిలబడితే ఊరు దేవుణ్ని చూసినట్టు చూస్తుంది, ఆయన నియమాన్ని అందరూ కాపాడతారు. పండుగ ముగిసిన మర్నాటి నుంచి ఆయనను కాపాడే పని మీ ఒక్కరిమీదే పడుతోంది. ఆ పని తిరిగి ఊరు పంచుకోవాలి.

పూజలో ఇప్పసారా ఉండటం దీనికి అడ్డు కాదని నేను అనుకుంటున్నాను. పేన్‌కు, అంటే మీ దేవుడికి, సాకగా ధారపోసే నాలుగు చుక్కలకూ, బెల్టు షాపులో పొద్దున్నే అరువుకు దొరికే సీసాకూ పోలిక లేదు. సాక ఆపమని అడగడం నా పని కాదు, మీరూ అడగనక్కరలేదు. చికిత్స జరుగుతున్నన్నాళ్లూ సాక పోసే పని మరొకరికి అప్పగించమని, ప్రసాదంగా కూడా ఆయన నోటికి సారా అందించవద్దని పూజారి అయిన దేవారిని, ఊరి పెద్ద అయిన పటేల్‌ను కోరండి. బెల్టు షాపు సంగతి వేరు. అది ఎలాగూ చట్టవిరుద్ధం. దానికితోడు 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభకు మత్తుపదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం ఇచ్చింది. ఈ మాట మీరు ఒంటరిగా ఎత్తితే ఇంటి గొడవగా కొట్టిపారేస్తారు. మీ కేంద్రానికి వచ్చే తల్లులతో, స్వయం సహాయక సంఘంలోని ఆడవాళ్లతో ముందు మాట్లాడి, అందరూ కలిసి గ్రామసభలోనూ, గోండుల సంప్రదాయ పంచాయితీ అయిన రాయి సెంటర్‌లో దాని పెద్ద సార్‌మెడి ముందూ పెట్టండి. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1993లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధానికి దారితీసిందని మీవాళ్లకు చెప్పండి.

ఇంట్లో మీరు మార్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బాకీ ఇక తీర్చనని షాపువాడికీ, ఆయనకూ ముందే చెప్పి, ఆ మాట మీద ఉండండి. ఆయన మత్తులో ఉన్నప్పుడు వాదించకండి; తేటగా ఉన్న ఘడియ చూసి, ఆ మూడో రాత్రి మీరు ఎంత భయపడ్డారో నిందించకుండా చెప్పి, అప్పుడే ఆసుపత్రి మాట ఎత్తండి. చెయ్యి చేసుకుంటే మాత్రం ఓర్చుకోకండి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఏ వేళలోనైనా పలుకుతుంది. పాపను పక్కింటికి వెళ్లవద్దని మందలించకండి, తనకు భయంలేని చోటును తానే వెతుక్కుంది. నాన్నకు జబ్బు చేసింది, అది నీవల్ల రాలేదు, నువ్వు మాన్పించలేవు, పెద్దవాళ్లం చూసుకుంటున్నాం అని మీ నోటితో చెప్పండి. ఇలాంటి ఇళ్లలో పిల్లలు తప్పు తమదేనని లోలోపల నమ్ముతూ పెరుగుతారు.

చివరగా, ఆయనను ఆసుపత్రికి తీసుకువెళ్లకముందే పెద్దలతో ఒక మాట ఖాయం చేసుకోండి. చికిత్స తరువాత మళ్లీ ఒకసారి తాగడం చాలామందిలో జరుగుతుంది. అలా జరిగితే ఒట్టు తప్పాడని జరిమానా వేయడం, పూజకు దూరం పెట్టడం వద్దనీ, ఆ వారమే ఇద్దరు మగవాళ్లు వెంట వెళ్లి ఆయనను డాక్టరు దగ్గర కూర్చోబెట్టాలనీ పటేల్ చేత పదిమందిలో చెప్పించండి. ఆ ఇద్దరు ఎవరన్నది కూడా అక్కడే తేల్చండి. ఆయనతో పాటు గుస్సాడీ ఆడేవాళ్లలోంచి అయితే ఆయన వింటారు.