ఘాటైన సిగార్ రుచి తెలియాలంటే ముందు కడుపు నిండా తిని కూర్చోండి

అడిగిన ప్రశ్న ఇది: "ఫుల్ బాడీ ప్రీమియం సిగార్ మొదటిసారి కాల్చబోతున్నాను. రుచి ఎలా పట్టుకోవాలి? చాక్లెట్, తోలు, దేవదారు చెక్క అంటూ జనం చెప్పేవన్నీ నిజమేనా?"

ఫుల్ బాడీ అంటే పొగ నోట్లో చిక్కగా, నిండుగా ఉండే రకం. ఇక జనం చెప్పేవి సగం నిజం, సగం డాబు. కానీ అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది, అది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. సిగార్ రుచి నాలుక మీద ఉండదు, తీరికలో ఉంటుంది. తొందరపడేవాడికి ప్రపంచంలో ఎంత ఖరీదైన సిగార్ ఇచ్చినా చేదుగానే ఉంటుంది. చుట్టలు కాల్చే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఈ విషయం తెలిసినంతగా సూటు వేసుకుని క్లబ్బుల్లో కూర్చునేవాళ్ళకి తెలీదని నా గట్టి అభిప్రాయం. రుజువు అడగకండి, లేదు.

మాది పర్లాకిమిడి. తెలుగులో పోట్లాడుకుని ఒడియాలో అర్జీ పెట్టుకునే ఊరు. మా తాత బతికున్నన్నాళ్ళూ లంక పొగాకు చుట్టే కాల్చాడు. గోదావరి లంకల్లో, వరద మట్టిలో పండే ఆకు అది, కట్టలు కట్టలుగా పాతపట్నం వైపు నుంచి వచ్చేది. తాత ఆకుని నీళ్ళు చిలకరించి మెత్తబరిచి, ఈనె తీసి, తొడ మీద పెట్టి చుట్టేవాడు. ఒక్క చుట్ట భోజనమయ్యాక మొదలైతే నిద్ర పట్టేదాకా సాగేది. ఆరిపోతే చెవి మీద పెట్టుకుని మళ్ళీ ముట్టించేవాడు.

మా అప్ప మొగుడు, అంటే మా బావ, ఓడల్లో ఇంజనీరు. ఒక రథయాత్రకి ఇంటికొస్తూ దారిలో ఎయిర్‌పోర్టులో పార్టగాస్ సీరీ డీ నంబర్ ఫోర్ కొన్నాడు. ఎర్ర పట్టీ ఉంటుంది దానికి. పొడవు 124 మిల్లీమీటర్లు, రింగ్ గేజ్ 50. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతుల లెక్క, 50 అంటే దాదాపు 20 మిల్లీమీటర్ల మందం, మన చుట్ట కంటే బాగా లావు. పార్టగాస్ అంటే 1845లో హవానాలో పుట్టిన పాత పేరు, క్యూబా సిగార్లలో ఘాటైన వాటి లెక్క చెప్పమంటే దీన్నీ బొలీవర్‌నీ ముందు చెప్తారు. బావ పలాసలో రైలు దిగి, బస్సులో వేలాడుతూ వచ్చి, స్నానం చేసి, టీ తప్ప ఏమీ తాగకుండా డాబా మీదికి ఎక్కాడు. వంటింట్లో అప్ప అన్నం పెడతానని పిలుస్తూనే ఉంది. "సిగార్ అయ్యాక తింటాను" అన్నాడు మహానుభావుడు.

తాతకి ఒకటి, తనకి ఒకటి. తాత దాన్ని తీసుకుని ముందు వాసన చూశాడు, తర్వాత రెండు వేళ్ళతో మెల్లగా నొక్కాడు. "బాబూ, ఇది ఆరనేలేదు, పచ్చిగా ఉంది" అన్నాడు. బావ నవ్వాడు. పచ్చి కాదు, సిగార్‌ని 65 నుంచి 70 శాతం తేమలో దాచాలి, లేకపోతే పైఆకు పగిలిపోతుంది, పొగ వేడెక్కి నోరు మండుతుంది అని చెప్పాడు. ఎండిన చుట్టకి అలవాటైన తాతకి ఈ మాట నచ్చలేదు కానీ అల్లుడివరస కదా, ఊరుకున్నాడు. బావ తన కట్టర్ తీసి కొస టోపీని, అంటే నోట్లో పెట్టుకునే వైపు అతికించిన ఆకు మూతని, కొద్దిగా, రెండు మిల్లీమీటర్లు, నరికాడు. అంతే నరకాలి, టోపీ గీత దాటితే పైఆకు విడిపోతుంది, ఇది మాత్రం రాసి పెట్టుకోండి. తాత కట్టర్ వద్దని గోటితో గిల్లి పారేశాడు, చక్కగా వచ్చింది. బావ టార్చిలాంటి లైటర్‌తో జయ్యిమని కాల్చాడు. తాత అగ్గిపుల్ల గీసి, గంధకం వాసన పోయేదాకా ఆగి, మంట తగలకుండా సెగ మాత్రమే పెడుతూ, సిగార్‌ని వేళ్ళ మధ్య తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా కాచుకున్నాడు. అప్పటికి బావ పది దమ్ములు లాగేసుంటాడు.

ఇక మొదలుపెట్టాడు బావ. ఇది మిరియం, ఇది దేవదారు, ఇదిగో ఇప్పుడు తోలు వచ్చింది చూడండి తాతగారూ అని. తాత కాసేపు విని, "తోలు ఎప్పుడు తిన్నావు బాబూ" అన్నాడు. అంటే వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

బావ చెప్పింది అబద్ధమేం కాదు. పార్టగాస్ మొదటి భాగంలో మిరియం ఘాటు నాకు కూడా తగిలింది, ఆ సాయంత్రం తాత నాకు కూడా ఒక దమ్ము ఇచ్చాడు. పొగ మింగకూడదు, నోట్లో తిప్పి వదిలేయాలి, కొద్దిగా ముక్కులోంచి వదిలితే వాసన విడివిడిగా తెలుస్తుంది. మన చుట్ట తాతలు ఊపిరితిత్తుల్లోకి లాగేవాళ్ళు కాదు, నోటితోనే. అందుకే వాళ్ళకి సిగార్ కొత్తగా నేర్పక్కర్లేదు. సిగరెట్ తాగేవాడికే కష్టం, అలవాటు కొద్దీ లోపలికి లాగి చస్తాడు. గోపాల్‌పూర్ బీచ్ దగ్గర ఈమధ్య కుర్రాళ్ళు ఫోటో కోసం సిగార్ పట్టుకుని, లోపలికి లాగి, దగ్గి, మళ్ళీ ఫోటో దిగుతున్నారు. చూడలేక నేను ఆ పక్కకి వెళ్ళడం మానేశాను. సముద్రం కూడా పాడైంది, అది వేరే కథ.

సరే. సగం కూడా కాలేదు, బావ మాటలు తగ్గాయి. తర్వాత మొహం పాలిపోయింది, నుదుటి మీద చెమట, గోడ పట్టుకుని కింద కూర్చున్నాడు. తాత లేవలేదు, తొందరపడలేదు. "గుంటా, కిందకెళ్ళి బెల్లం ముక్క పట్టుకురా" అని నన్ను పంపాడు. బెల్లం తిని, నీళ్ళు తాగి, కాసేపు వెల్లకిలా పడుకున్నాక బావ తేరుకున్నాడు. ఖాళీ కడుపుకి నికోటిన్ ఎక్కితే ఇలాగే అవుతుంది, తీపి తినమని సిగార్ కంపెనీల వాళ్ళు కూడా చెప్తారు. ఓడ ఇంజనీరుకి సముద్రంలో రాని వాంతి మా డాబా మీద వచ్చింది. అప్ప ఈ విషయం ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్తుంది.

తాత మాత్రం తన సిగార్ కాలుస్తూనే ఉన్నాడు. ఒక దమ్ము లాగితే ఇత్తడి చెంబు అంచు మీద పెట్టేవాడు, రెండు మాటలు మాట్లాడి మళ్ళీ తీసేవాడు. నిమిషానికి ఒకటి, అంతకంటే ఎక్కువ కాదు. బూడిద దులపలేదు. తెల్లగా, బూడిద రంగు పొరలు పొరలుగా అంగుళం పొడవు నిలబడి, దానంతటదే విరిగి తువ్వాలు మీద పడింది. అలా నిలబడిందంటే లోపల ముక్కలూ పొడీ కాదు, పొడవాటి ఆకులే వేశారని అర్థం. మూడోవంతు మిగిలాక పక్కన పెట్టి, "సగం దాటాక గానీ దీని సంగతి తెలీదురా" అన్నాడు. నేను చదివిన ఏ సిగార్ పుస్తకమూ ఇంతకంటే సరిగ్గా చెప్పలేదు.

ఎందుకంటే ఇందులో నిజంగానే కారణం ఉంది. పొగాకు మొక్కలో పైన ఉండే ఆకులకి ఎండ ఎక్కువ తగిలి మందంగా, నూనె ఎక్కువగా, ఘాటుగా తయారవుతాయి. స్పానిష్‌లో లిహేరో అంటారు వాటిని. మధ్య ఆకులు సెకో, వాసన కోసం. అడుగు ఆకులు వొలాదో, బాగా అంటుకుంటాయి. లిహేరో నిదానంగా కాలుతుంది కాబట్టి దాన్ని నట్టనడుమ పెట్టి చుడతారు. ఫుల్ బాడీ సిగార్లలో ఇది ఎక్కువ. ఘాటంతా కాలేకొద్దీ చివరి వైపు చేరుతుంది. మొదటి మూడోవంతులో మిరియం, గడ్డి వాసన. నడుమ కాఫీ డికాక్షన్, చెక్క. చివర మట్టి, చేదు, నికోటిన్. నడిమి భాగమే మీరు డబ్బు పెట్టి కొన్నది. తొందరగా లాగితే నిప్పు వేడెక్కి ఆ నడుమంతా తారు కంపు కొడుతుంది, అప్పుడు సిగార్‌ని తిట్టి లాభం లేదు.

ఇంకోటి, ఘాటు వేరు, నిండుదనం వేరు. ఘాటు అంటే నికోటిన్ తలకెక్కడం. నిండుదనం అంటే పొగ నోట్లో చిక్కగా ఉండి రుచి చాలాసేపు నిలవడం. రెండూ కలిసి రావాలని లేదు. కొత్తవాళ్ళకి నా సలహా, కనెక్టికట్ అనే లేత రకం పైఆకు వేసిన, డొమినికన్ రిపబ్లిక్‌లో చేసిన సిగార్‌తో మొదలుపెట్టండి, మెత్తగా ఉంటుంది. తర్వాత నికరాగువా దేశపువి. పార్టగాస్, బొలీవర్ ఆ తర్వాతే. నేరుగా పెద్దదాంట్లోకి దూకుతానంటే పక్కన బెల్లం పెట్టుకోండి.

తోడుగా ఏం తాగాలి అంటే అందరూ విస్కీ, రమ్ము అంటారు. నా మాట వినండి: ఛెనాపోడా. మా ఒడిశా స్వీటే, ఛెనాలో, అంటే విరగ్గొట్టిన పాల ముద్దలో, పంచదార కలిపి నిదానంగా కాల్చేది. దాని మాడిన అంచు ముక్క ఒకటి కొరికి, ఘాటైన సిగార్ ఒక దమ్ము లాగి చూడండి. విస్కీ నాలుకని మొద్దుబారుస్తుంది, ఇది మాత్రం చేదుని తుడిచేసి నిప్పు వాసనని మిగులుస్తుంది. బంగాళాదుంప చిప్స్ లాంటివి మాత్రం దగ్గరికి రానివ్వకండి, ఉప్పు అంతా పాడు చేస్తుంది.

పొగ గురించి ఇంత మురిపెంగా రాస్తున్నాను కాబట్టి ఒకటి దాచకుండా చెప్పాలి. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళకి, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. శ్రీకాకుళం, విశాఖ తీరంలో, మా గంజాం వైపు కూడా ఆడవాళ్ళలో ఇది బాగా ఉండేది. గాలికి ఆరదు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, పొయ్యి దగ్గరా పొలంలోనూ పని ఆగదు. ఆ సాయంత్రం బావ సిగార్ చూసి "ఇంత లావుది అడ్డంగా ఎలా తాగుతార్రా" అని విసుక్కుంది. తర్వాత ఆవిడ చెల్లెలికి అంగిలి మీద పుండు లేచింది, మానలేదు, విశాఖ తీసుకెళ్ళేసరికి కేన్సర్ అన్నారు. నిప్పు వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి, అడ్డపొగ తాగేవాళ్ళకి ఎక్కువగా అక్కడే వస్తుంది. పొగ లోపలికి లాగనంత మాత్రాన సిగార్ మంచిదైపోదు, నోటి కేన్సర్‌కి దాంతోనూ సంబంధం ఉంది. నేను పండగకో పబ్బానికో కాలుస్తాను, అంతకి మించి కాల్చేవాడితో వాదించను, సమర్థించను.

కొనడం గురించి. గాజు మూత ఉన్న పెట్టెలో కొహీబా, అంటే క్యూబా సిగార్లలో పెద్ద పేరు, అమ్మితే అది నకిలీ, క్యూబా వాళ్ళు గాజు మూతల పెట్టెలు చెయ్యరు. నాకు ఒక పెద్ద ఊరి దుకాణంలో ఏసీ గాలికి ఎండిపోయి పెళపెళలాడే సిగార్ అంటగట్టారు, నొక్కి చూస్తానంటే ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకోనివ్వని చోట కొనకండి. విదేశం నుంచి వచ్చేవాళ్ళు ఉంటే తెప్పించుకోండి, సుంకం లేకుండా 25 వరకు తెచ్చుకోవచ్చు.

దాచడం మన వైపు ఇంకా పెద్ద టెన్షన్. ఫ్రిజ్‌లో పెడితే ఎండిపోతుంది, కూరల వాసన పడుతుంది. బయట వేడి 25 డిగ్రీలు దాటితే పొగాకు పురుగు గుడ్లు పగిలి సూది బెజ్జాల్లాంటివి పడతాయి, మా తీరంలో వేసవంతా ఆ భయమే. గట్టి మూత ఉన్న డబ్బా, అందులో తేమ ప్యాకెట్, చల్లటి గది, అంతే. సిగార్ పక్కన ఏ వాసన ఉంటే అది పీల్చేసుకుంటుంది, అది మర్చిపోకండి. ఛత్రపూర్‌లో మా మావయ్య బావ ఇచ్చిన సిగార్లని మొగలి అత్తరు సీసాలున్న బీరువాలో పెట్టాడు. గంజాం మొగలి సంగతి తెలుసు కదా, మూత తీయకపోయినా బీరువా అంతా అదే. ఆ సిగార్ నేను రెండు దమ్ములు లాగి పడేశాను. మావయ్యకి మాత్రం అదే నచ్చింది, అలాంటివి ఇంకో పెట్టె తెమ్మని బావకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు.