సాఫ్ట్‌నర్ పెట్టించాక నీళ్లకు ముక్కవాసన ఎందుకు?

ప్రశ్న: మాది చౌటుప్పల్ దగ్గర సొంతిల్లు. తాగడానికి భగీరథ నీళ్లు వస్తాయి, మిగతా వాడకమంతా బోరు నీళ్లే. సబ్బు నురగ రావట్లేదని, గీజర్ కాయిల్ కూడా పాడైందని పోయిన వేసవిలో, నీళ్ల కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టించాం. డాబా మీద ట్యాంకు కింద, బాత్రూములకు దిగే పైపుకి బిగించారు. చేత్తో వాల్వు తిప్పి ఉప్పు ఎక్కించే రకం. మొదట్లో బాగానే ఉంది. దసరాకి ఊరెళ్లి వచ్చినప్పటి నుంచి పొద్దున కుళాయి తిప్పగానే ఒకటే ముక్కవాసన, కాసేపు వదిలితే తగ్గుతుంది. బకెట్ల అడుగున ఎర్రటి జిగురు కూడా పడుతోంది. అమ్మినతను వచ్చి చూసి, మీ బోరే పాడైంది, కార్బన్ ఫిల్టర్ ఇంకోటి పెట్టాలంటున్నాడు. పిల్లలకు ఈ నీళ్లతో స్నానం చేయించాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: కార్బన్ ఫిల్టర్‌కి అప్పుడే డబ్బులివ్వకండి అమ్మా. తప్పు బోరుదో కాదో తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. మూతలున్న గాజు సీసాలు నాలుగు తీసుకుని (ప్లాస్టిక్‌వి వద్దు, వాటి వాసన వాటికుంటుంది) పొద్దున్నే ఎవరూ కుళాయి తిప్పకముందే ఒకదాంట్లో సాఫ్ట్‌నర్ దాటగానే వచ్చే నీళ్లు, ఇంకోదాంట్లో ట్యాంకు లోపలివి, మూడోదాంట్లో గీజర్ వేడినీళ్లు, చివరికి మోటారు వేసి బోరు నుంచి నేరుగా పడేవి పట్టండి. మూత బిగించి బాగా కుదిపి, బాత్రూముకి దూరంగా వరండాలోకి తీసుకెళ్లి ఒక్కొక్కటే తెరిచి వాసన చూడండి. డ్రెయిన్ జాలీలోంచి వచ్చే కంపుని నీళ్లకు అంటగట్టేవాళ్లు చాలామంది ఉంటారు, అందుకే దూరంగా అన్నాను.

బోరు నీళ్లే వాసనొస్తే అతను చెప్పింది నిజం. అప్పుడు కేసింగ్ (బోరులో దింపిన పైపు) పైమూత సరిగ్గా ఉందా, వాననీళ్లు దిగుతున్నాయా, సెప్టిక్ ట్యాంకు ఎంత దూరంలో ఉంది అన్నవి చూసి, నీళ్లకు బ్యాక్టీరియా పరీక్ష చేయించాలి. ట్యాంకు నీళ్లలో మొదలైతే అడుగున చేరిన బురద, పాచి. వేడినీళ్లు మాత్రమే కుళ్లిన గుడ్డు వాసనొస్తే అది గీజర్ సంగతి. లోపల తుప్పు పట్టకుండా పెట్టే మెగ్నీషియం రాడ్‌కీ, సల్ఫేటు తినే ఒక రకం బ్యాక్టీరియాకీ జత కుదిరితే ఆ వాసన పుడుతుంది, మెత్తబడిన నీళ్లలో ఆ రాడ్ ఇంకా తొందరగా కరుగుతుంది కూడా.

మీరు చెప్పినదాన్ని బట్టి మాత్రం వాసన సాఫ్ట్‌నర్ దాటాకే మొదలవుతూ ఉండాలి. రాత్రంతా నిలిచిన నీళ్లకే వాసన, కాసేపు పారితే తగ్గడం, ఊరి నుంచి రాగానే మొదలవడం, పైగా ఎర్రటి జిగురు, అన్నీ అటే చూపిస్తున్నాయి. సాఫ్ట్‌నర్‌లో ఉండే రెజిన్ పూసలు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంని పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి, ఆ సోడియంని మళ్లీ నింపడానికే ఉప్పు ఎక్కించేది. ఆ పూసలకి వాటంతట వాటికి ఇలాంటి వాసనేమీ ఉండదు. కానీ బోరు నీళ్లలో కరిగి వచ్చే ఇనుము ట్యాంకులో గాలి తగిలి ఎర్రటి నలకలుగా మారి పూసల మధ్య ఇరుక్కుంటుంది, ఆ ఇనుము మీద బతికే బ్యాక్టీరియా జిగురు కడుతుంది, డాబా మీద వెచ్చగా ఉంటుంది, మీరు ఊళ్లో ఉన్నన్నాళ్లూ నీళ్లు కదల్లేదు. వాసన రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఈ మురికిని బయటికి తోయడానికే బ్యాక్‌వాష్ ఉంది. నీళ్లు కింద నుంచి పైకి తన్ని, చేటలో బియ్యం చెరిగినట్టు పూసల్ని లేపి నలకల్ని విడదీయాలి. మీ ఇంట్లో అసలు లోపం ఇక్కడే ఉందని నా అనుమానం. పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే గానీ నీళ్లకి ఒక బార్ ప్రెషర్ రాదు, మీ సాఫ్ట్‌నర్ ట్యాంకుకి ఒకటి రెండు మీటర్ల కిందే ఉంది. ఆ కాస్త ఒత్తిడితో పూసలు లేవవు, ఉప్పునీళ్లు కూడా సరిగ్గా పీల్చుకోవు. వాల్వుని బ్యాక్‌వాష్‌లో పెట్టి డ్రెయిన్ పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి చూడండి. ఇళ్లలో ఎక్కువగా వాడే పది అంగుళాల వెడల్పు సిలిండరైతే నిమిషానికి సుమారు పది లీటర్లు రావాలి, అంటే రెండు నిమిషాల్లో బకెట్ నిండాలి. నిండకపోతే సాఫ్ట్‌నర్ ముందు చిన్న ప్రెషర్ పంపు పెట్టించాలి. డబ్బులు పెట్టాల్సింది దీనికి. కార్బన్ ఫిల్టర్ కొన్నాళ్లు వాసన పీల్చి, తర్వాత తనే బ్యాక్టీరియాకి ఇంకో కాపురం అవుతుంది.

ముందు ట్యాంకు కడిగించండి. సాఫ్ట్‌నర్‌ని బైపాస్‌లో పెట్టి (నీళ్లు దాంట్లోకి పోకుండా పక్క నుంచి వెళ్లేలా), వెయ్యి లీటర్ల ట్యాంకుకి 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ బకెట్ నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు మాత్రం పోసి రాత్రంతా ఉంచి, పొద్దున పూర్తిగా పారబోయండి. ఆ నీళ్లు ఎవరూ వాడకూడదు. బాత్రూం యాసిడ్ దాంట్లో ఒక్క చుక్క కూడా కలవకూడదు, విషవాయువు వస్తుంది.

తర్వాత ఉప్పు ట్యాంకు ఖాళీ చేసి జిగురంతా తోమేయండి. రెజిన్‌కి మాత్రం బ్లీచింగ్ పౌడర్ వాడొద్దు, అందులో ఉండేది సున్నమే, మనం తీసేద్దామనుకునే కాల్షియంని మళ్లీ లోపలికి ఎక్కించినట్టవుతుంది. సెంటులేని మామూలు సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, 5 శాతానిది, 30 లీటర్ల రెజిన్‌కి 35 నుంచి 40 మి.లీ. చాలు. ముందు బాగా బ్యాక్‌వాష్ చేసి, దాన్ని ఉప్పునీళ్లలో కలిపి ఎప్పట్లాగే ఎక్కించి, క్లోరిన్ వాసన పూర్తిగా పోయేదాకా కడగండి. ఎక్కువ పోస్తే ఇంకా శుభ్రమవుతుందని పోయకండి, క్లోరిన్ పూసల్ని తినేస్తుంది.

ఇకపై నురగ తగ్గినప్పుడు చూద్దాంలే అనుకోకుండా, వాడినా వాడకపోయినా వారానికోసారి ఉప్పు ఎక్కించండి. ఊరెళ్లేటప్పుడు బైపాస్‌లో పెట్టి, రాగానే బ్యాక్‌వాష్ చేసి ఉప్పు ఎక్కించాకే లైన్‌లో కలపండి. ఇంత చేసినా నెలలోపే మళ్లీ ఎర్రజిగురు వస్తే ఇనుము పరీక్ష చేయించండి. లీటరుకి 0.3 మి.గ్రా. దాటితే మరకలు మొదలవుతాయి, బాగా ఎక్కువుంటే సాఫ్ట్‌నర్ ముందు ఇనుము తీసే ఫిల్టర్ విడిగా ఉండాల్సిందే. మీ వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, దాన్ని సాఫ్ట్‌నర్ తీయదు కాబట్టి తాగడానికి భగీరథ నీళ్లే వాడండి.

ప్రశ్న: సాఫ్ట్‌నర్ నీళ్లు వంటకీ మొక్కలకీ వాడొచ్చా? అమ్మకి బీపీ ఉంది.

— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: లీటరులో 100 మి.గ్రా. కాఠిన్యం తీసినప్పుడల్లా సుమారు 46 మి.గ్రా. సోడియం కలుస్తుంది. మీ నీళ్ల కాఠిన్యం 600 ఉంటే సోడియం లీటరుకి 275 మి.గ్రా. దాకా అన్నమాట, అమ్మగారి బీపీకి అది మంచిది కాదు. వంటగది కుళాయిని సాఫ్ట్‌నర్‌కి ముందు లైన్‌లోంచి తీసుకోండి, లేదా తాగడానికి, వంటకి ఆర్‌ఓ నీళ్లు వాడండి. మొక్కలకీ నేరుగా బోరు నీళ్లే నయం, సోడియం చేరేకొద్దీ మట్టి గట్టిపడిపోతుంది. ఉప్పు ఎక్కించాక బయటికొచ్చే నీళ్లు మాత్రం కరివేపాకు పాదు వైపు అసలు మళ్లించొద్దు.