టెక్ సందేహాలు: గిటార్ సింథ్ ఆలస్యానికి క్రాక్ సాఫ్ట్‌వేర్ మందు కాదు

ప్రశ్న: పాతికేళ్లుగా ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తున్నాను. ఈమధ్య గిటార్‌కి సింథ్ పికప్ (తీగల కంపనాన్ని సింథసైజర్‌కి అందించేది) బిగించుకున్నాను. ఫ్లూట్, బేస్ టోన్లు మీటిన కాసేపటికి గానీ పలకట్లేదు. గమకం వేస్తే శ్రుతి ఎటో పోతోంది. తెలిసినాయన ఒక సాఫ్ట్ సింథ్ (కంప్యూటర్‌లో నడిచే సింథసైజర్) క్రాక్ చేసిన కాపీని పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, యాంటీవైరస్ ఆపేసి ల్యాప్‌టాప్‌లో వేసుకోమంటున్నాడు. వేసుకోవచ్చా?
– ఒక గిటారిస్టు, విజయనగరం

జవాబు: వేసుకోవద్దు. ముందు ఆలస్యం సంగతి చూద్దాం.

శ్రుతిని పసిగట్టి మిడి (ఏ స్వరం పలకాలో సింథ్‌కి చెప్పే సంకేతం) పంపే పెట్టెకి తీగ కనీసం ఒకటి రెండు ఆవృత్తులు కంపించాలి. లావు ఇ తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. అంటే రెండు ఆవృత్తులకే 24 మిల్లీసెకన్లు. సన్న ఇ తీగకి 6 చాలు. బేస్ టోన్ బద్ధకంగా పలికేది అందుకే. ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన వాయించి, సింథ్‌లో ట్రాన్స్‌పోజ్ మైనస్ 12 (పన్నెండు స్వరస్థానాలు కిందికి) పెట్టండి. ఈ ఆలస్యం సగానికి దిగుతుంది.

పికప్ బ్రిడ్జికి వీలైనంత దగ్గర్లో ఉండాలి. చివరి ఫ్రెట్ నొక్కి చూస్తే తీగకీ పికప్‌కీ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు సందు చాలు. సెన్సిటివిటీ ఆరు తీగలకీ విడివిడిగా సెట్ చేసుకోవాలి. తుప్పు పట్టిన తీగలతో ఏ సెట్టింగూ నిలవదు. నైలాన్ తీగలకైతే ఈ అయస్కాంత పికప్ అసలు పనికిరాదు. ఎప్పుడైనా ఒక్క తీగే మూగబోతే పెట్టె విప్పకముందు కేబుల్ మార్చి చూడండి. పికప్ నుంచి పెట్టెకి వెళ్లే ఆ కేబుల్‌కున్న 13 పిన్నుల్లో ఆరు, తీగకొకటి చొప్పున ఉంటాయి.

గమకం చెడటానికి ఎక్కువగా బెండ్ రేంజే (తీగ లాగితే శ్రుతి గరిష్ఠంగా ఎన్ని స్వరస్థానాలు జరగాలో చెప్పే అంకె) కారణం. పంపే వైపు 12 ఉండి, అందుకునే సింథ్‌లో మామూలుగా వచ్చే 2 అలాగే ఉంటే, మీరు రెండు స్వరస్థానాలు లాగినా ఒకదానిలో మూడో వంతే పలుకుతుంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన మీ విజయనగరంలో ఆ అపశ్రుతి ఇట్టే దొరికిపోతుంది! రెండు వైపులా ఒకే అంకె పెట్టండి. మిడి మోనో మోడ్‌లో, తీగకో చానెల్ ఇవ్వండి. ఒకే చానెల్ అయితే ఒక తీగ లాగినప్పుడు మిగతావీ దాంతోపాటే జారిపోతాయి.

ల్యాప్‌టాప్ కలిపితే ఆసియో (ASIO, విండోస్‌లో శబ్దం ఆలస్యాన్ని తగ్గించేది) డ్రైవర్ వాడండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ (శబ్దాన్ని ఒక్కోసారి ఎంతెంత పోగుచేసి పంపాలనే సెట్టింగు) 128 శాంపిళ్లు అయితే దానివల్ల ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపు, 512 అయితే 10 దాటుతుంది. బ్లూటూత్ స్పీకర్ ఊసే వద్దు.

ఇక ఆ పెన్‌డ్రైవ్. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, డీటీపీ ఫాంట్లు, ఇప్పుడు సింథ్. పేరు మారుతుంది గానీ ఈ ప్రశ్న మాత్రం వస్తూనే ఉంటుంది. యాంటీవైరస్ ఆపమన్నాడంటే దొంగ మీ చేతే గడియ తీయిస్తున్నాడనుకోండి. ఇలాంటి వాటిలో దాక్కుని వచ్చే మాల్వేర్ పాటల జోలికి రాదు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని సైట్‌కి చెప్పే గుర్తులు) ఎత్తుకుపోతుంది. కుకీ చేతికి చిక్కితే చాలాసార్లు ఓటీపీ కూడా అడక్కుండానే మీ మెయిల్, యూట్యూబ్ చానెల్ తెరుచుకుంటాయి. పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే చాలదు.

ఇప్పటికే వేసేసి ఉంటే ల్యాప్‌టాప్‌కి నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ కొట్టండి. పాటలు, డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకుని, డిస్క్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేయించండి. ఖాతాలో డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అసలు దొంగ కాపీ అవసరమేముంది? సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్ సింథ్ ఉచితం, ఓపెన్ సోర్స్. దాని సొంత సైట్ నుంచే దించుకోండి.

తప్పంతా వాడేవాళ్లదే అనను. నిక్షేపంగా పనిచేస్తున్న పెట్టెకి కొత్త విండోస్ రాగానే కంపెనీలవాళ్లు డ్రైవర్ ఆపేస్తారు. టోన్ ఎడిటర్ తెరవాలన్నా ఆన్‌లైన్ లాగిన్ అంటారు. పల్లెటూరి పందిట్లో సిగ్నల్ ఎక్కడ్నుంచి తెస్తాం? జనం ఊరూపేరూ లేని డ్రైవర్ సైట్ల పాలయ్యేది ఇందువల్లే. పెట్టెకి అప్‌డేట్ పెడితే మీరు చేసుకున్న ప్యాచ్‌లు (దాచుకున్న టోన్ సెట్టింగులు) చెరిగిపోవచ్చు కూడా. ముందు వాటిని బ్యాకప్ తీసుకోండి, అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోకుండా యూపీఎస్ మీద పెట్టండి, కచేరీ ఉన్న వారంలో మాత్రం అప్‌డేట్ జోలికి పోవద్దు.